గుమాస్తా కబుర్లు: జాలీ మొహల్లా కుంపటి



వెనుకటికి ఒక ముసలమ్మ, తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనీ, తన కుంపటి లేకపోతే ఊళ్ళో ఎవరింటా నిప్పు రాజదనీ అనుకొని, అలిగి, ఆ రెంటినీ చంకన పెట్టుకొని ఊరు విడిచి పోయిందట. మర్నాడు ఊరికి తెల్లవారనే తెల్లవారింది. పొయ్యిలూ రాజినవి. ఈ కథ మీకందరికీ తెలిసినదే. అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టారంటాము. తీరని బెంగను గుండెల మీద కుంపటి అంటాము. ఇన్ని మాటలలో కుంపటి నిలిచి ఉన్నది గాని, మన ఇండ్లలో మాత్రం వెదకినా కనబడదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ పిల్ల ఒకనాడు తెలుగు సామెతల పుస్తకం చదువుతూ, "నాన్నా, కుంపటి అంటే ఏమిటి?" అని అడిగింది.

ఆ ప్రశ్నే ఈ నెల కబుర్లకు మూలం. కబురు నడుమ కొంచెం చేదు ఉన్నది. తప్పు నాదే గనుక దాచిపెట్టవచ్చును. కాని నాకు పుట్టిన బుద్ధి రేపు మీలో ఎవరికైనా పుట్టవచ్చు గదా అని చెబుతున్నాను.

మాది బాపట్ల. నా చిన్నతనంలో గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 నుంచి తానే ఒక జిల్లా అయింది. మా పెంకుటింట్లో అన్నం, కూరలూ కట్టెల పొయ్యి మీద, పాలూ ఫలహారమూ కుంపటి మీద. పోత ఇనుముతో చేసిన కుంపటి అది. గుండ్రని పొట్ట, మూడు కాళ్ళు, రెండు చెవులు, నడుమ బొగ్గులు నిలిచే చిల్లుల పలక, కింద బూడిద తీసే నోరు. మా అమ్మ దాని మీద మందపాటి మూకుడు పెట్టి, నూనె వేసి, మినప్పిండీ బియ్యపు రవ్వా కలిపిన పిండి పోసి, మూత వేసి, ఆ మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేది. కింద సెగ, పైన సెగ. అరగంటకు దిబ్బరొట్టె. అడుగు కరకర, నడుమ మెత్తన. నివురు మీద కాల్చిన వంకాయతో పచ్చడి, వానాకాలంలో మొక్కజొన్న కండెలు, ఇవన్నీ ఆ కుంపటి పెట్టిన తిండే.

1991లో మా ఇంటికి గ్యాసు వచ్చింది. ఆ వారమే మా నాన్నగారు కుంపటిని పాత ఇనుమువానికి వేసి, ఉల్లిపాయలు తీసికొన్నారు. బండి వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడి చూశాను. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను దుఃఖమని అనుకొన్నాను. ముప్పై ఏండ్లు అలాగే అనుకొంటూ వచ్చాను.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు కాగితం మీద బొమ్మ గీసి చూపాను. పిల్ల చూసి, "పిడతకు కాళ్ళు వచ్చినట్టున్నది" అన్నది. నాకు పౌరుషం వచ్చింది. నిజమైనదే తెచ్చి చూపుతానని శపథం పట్టాను.

నేను కలాసిపాళ్యంలో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాను. అక్కడినుంచి నడిచిపోయేటంత దూరంలోనే జాలీ మొహల్లా ఉన్నది. బెంగుళూరులో పాత ఇనుము, రాగి, ఇత్తడి, విరిగిన మోటార్లు, అన్నిటికీ అది పుట్టిల్లు. కాటికి పోవలసిన వస్తువులు అక్కడికి పోయి మళ్ళీ జన్మ ఎత్తుతవి. మధ్యాహ్నం భోజనాల వేళ డబ్బా తెరవకుండా అక్కడికి పోవడం మొదలుపెట్టాను. నెల రోజులు తిరిగాను.

మొదట చిక్కు పేరుతో వచ్చింది. కుంపటి అంటే ఎవరికీ తెలియలేదు. కన్నడం మాట్లాడే ఒక పెద్దాయనకు చేతులతో అభినయించి చూపగా, "ఓ, అగ్గిష్టికె!" అన్నాడు. పక్క దుకాణంలో ఉర్దూ మాట్లాడే సాహెబుగారు విని, "అంగీఠీ కావాలా?" అన్నారు. చూడండి విచిత్రం! ఈ అగ్గిష్టికే, ఆ అంగీఠీ రెండూ సంస్కృతంలోని అగ్నిష్ఠిక బిడ్డలే. ఒకే తల్లి పిల్లలు పక్కపక్క దుకాణాలలో కూర్చొని, వేరు వేరు భాషలలో బేరాలు చేస్తున్నారు.

వెదుకుతూ ఉండగా ఒక దుకాణంలో పొడవాటి ఇత్తడి గొట్టం వంటిది, లోపల ఒకదాని మీద ఒకటిగా గిన్నెలు, అడుగున బొగ్గుల అర ఉన్న వస్తువు కనబడింది. ఆవిరి కుక్కరు. ఆ జాతిలో పేరు పొందినది ఇక్మిక్ కుక్కరు. 1910లో కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే ఆయన కనిపెట్టాడు. పొద్దున అన్నం, పప్పు, కూర గిన్నెలలో పెట్టి, అడుగున గుప్పెడు బొగ్గులు రాజేసి ఎవరి పని మీద వారు పోతే, వచ్చేటప్పటికి భోజనం సిద్ధంగా ఉండేది. మన దక్షిణాదిలో రుక్మిణీ కుక్కరన్న పేరుతో అటువంటిదే వాడేవారు. సాహెబుగారు దానికి చెప్పిన ధర నా పక్షం రోజుల జీతం. దండం పెట్టి ముందుకు నడిచాను.

అయిదవ వారంలో, చిరిగిన గోనె సంచుల కింద, సైకిలు చక్రాల గుట్ట వెనుక, మూడు కాళ్ళలో ఒకటి విరిగిన కుంపటి దొరికింది. పోత ఇనుమే. తూనికకు తొమ్మిది కిలోలు. పొట్ట మీద జానెడు బీట. చిల్లుల పలక లేదు. నోటి తలుపు లేదు. పొట్ట మీద పోతలోనే వచ్చిన అక్షరాలు అరిగిపోయి, మద్రాసు అన్న మాట ఒక్కటే మిగిలి ఉన్నది. పైన ఎవరో ఎప్పుడో ఆకుపచ్చ రంగు పూసి, పూలకుండీగా వాడుకొన్నారు. లోపల ఇంకా మట్టీ, ఎండిన తులసి వేళ్ళూ ఉన్నవి. సాహెబుగారు "యాంటిక్" అని పన్నెండు వందలు చెప్పారు. నేను "పాత ఇనుము" అని మూడు వందలు చెప్పాను. నడుమ ఒక టీ తాగి, ఏడు వందల యాభైకి తెమిలింది. సిటీ బస్సులో గోనెసంచిలో పెట్టుకొని మత్తికెరె చేరాను. మా ఇంటావిడ చూసి, "ఇల్లు అద్దెది, ఇనుము మాత్రం సొంతమా?" అన్నది. అమ్మ కళ్ళజోడు సర్దుకొని చూసి, "మనది కాదు, మనదానికి చెవులు ఇంకా పెద్దవి" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇక మరమ్మత్తు. ఇందులో నేను నేర్చుకొన్నవి నాలుగు మాటలు చెబుతాను, ఎవరికైనా పనికివస్తవి.

మొదటిది రంగు. పాత రంగులలో సీసం ఉండవచ్చును. దానిని పొడిగా గీకినా, మంటలో కాల్చినా ఆ విషం ఊపిరిలోకి పోతుంది. అందుచేత రంగు ఊడే మందు పూసి, తడిగా ఉండగానే, మిద్దె మీద, ముక్కుకు మాస్కు కట్టుకొని తీశాను. ఆ పెచ్చులు పిల్లలు తిరిగే చోట పడకుండా కాగితంలో ఎత్తివేశాను.

రెండవది తుప్పు. కిరసనాయిలు దొరికే రోజులు పోయినవి గనుక వినిగరులో రాత్రంతా నాననిచ్చి, తీగల బ్రష్షుతో తోమి, సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టాను. తడి ఉంటే సాయంత్రానికే మళ్ళీ ఎర్రబడుతుంది. ఆరిన తరువాత బయటి వైపు అవిసెనూనె పలుచగా పూసి వేడి చేస్తే, నూనె గట్టిపడి నల్లని పొరగా పట్టుకొంటుంది.

మూడవది బీట. పోత ఇనుము మొండిది. మామూలు ఇనుము వలె అతకదు. చల్లగా ఉన్నదానికి ఒక్కసారిగా సెగ పెడితే పక్కన మరొక బీట వస్తుంది. రెండు వెల్డింగు షాపులవారు పని కాదన్నారు. మూడవ చోట ఒక వృద్ధుడు ముందు కుంపటినంతా మెల్లగా వేడి చేసి, నికెలు కడ్డీతో అంగుళం అంగుళంగా అతికి, వెంటనే బూడిదలో పూడ్చిపెట్టి, "రేపు రా" అన్నాడు. అతుకు వేసిన దానికంటె చల్లార్చిన దానిలోనే ఆయన పనితనం ఉన్నది.

నాలుగవది పలక. ఆ వృద్ధుని కుర్రవాడు తళతళలాడే జి.ఐ. జాలీ కత్తిరించి పెట్టబోయాడు. ముసలాయన వాని చెయ్యి పట్టుకొని ఆపాడు. జి.ఐ. అంటే జస్తా పూత. నిప్పు మీద ఆ పూత కాలి పొగ అవుతుంది. పీలిస్తే చలీ జ్వరమూ వస్తవి. దాని మీద కాల్చిన తిండి తినకూడదు. చివరకు మందపాటి ఇనుప రేకుకు చిల్లులు వేసి పలక చేశాము. కాల్చుకొనేందుకు పైన పెట్టే జాలీ స్టీలు కడ్డీలతో చేయించాను. పొట్ట లోపల బంకమట్టీ ఊకా కలిపి రెండు వేళ్ళ మందాన మెత్తాను. ఇందువల్ల సెగ లోపలే నిలిచి బొగ్గు తక్కువ పడుతుంది. ఆఫ్రికాలో కెన్యా దేశస్థులు 1980 ప్రాంతాలలో ఈ ఉపాయంతోనే రేకు పొయ్యిలకు లోపల కాల్చిన మట్టి పొర పెట్టి, జికో అనే పొయ్యిని ఇంటింటికీ చేర్చారు.

బొగ్గుల సంగతి మా వీధి ఇస్త్రీబండి అతను చెప్పాడు. అతను గ్యాసు ఇస్త్రీపెట్టెకు మారినా పాత బొగ్గుల దుకాణం దారి మరచిపోలేదు. ఆ బొగ్గు మన సర్కారు తుమ్మది. కన్నడంలో ఆ చెట్టును బళ్ళారి జాలి అంటారు. జాలీ కోసం జాలీ మొహల్లాకు పోయి, చివరకు బళ్ళారి జాలినే కాల్చాను. జాలిపడవలసిన సంగతి మాత్రం ఇక ముందున్నది.

డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం. బయట చలిగాలి, సన్నని తుంపర. మిద్దె మీద రాజేద్దామంటే గాలికి నిలవడం లేదు. అందరి ఎదుటా నా కుంపటి వెలగాలన్న ఆత్రంలో వంటింట్లో పెట్టాను. అమ్మ, "ఇంట్లో వద్దురా అబ్బాయ్" అన్నది. "కట్టెలు కావమ్మా, బొగ్గులు. పొగ రాదు" అన్నాను. జల్లు కొడుతున్నదని కిటికీ కూడా మూశాను. అమ్మ పీట వేసికొని కూర్చున్నది. అమ్మాయి పక్కనే పుస్తకం తెచ్చుకొన్నది. నేను రొట్టె వేసి, మూత మీద నిప్పులు వేసి, ఇంతలో పెరుగు తేవడానికి వీధి చివరకు పోయాను. దుకాణంలో ఒక స్నేహితుడు కనబడితే మాటలలో కొంత ఆలస్యమైంది.

తిరిగి వచ్చేసరికి మా ఇంటావిడ తలుపులన్నీ బార్లా తెరచి, అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టి వీపు రాస్తున్నది. పిల్ల వాంతి చేసికొన్నది. అమ్మ గోడకు ఆనుకొని కళ్ళు మూసికొని, "తల పగిలిపోతున్నదిరా" అంటున్నది. లేవబోతే కాళ్ళు తేలిపోయినవి. ఇంటావిడ పొరుగింటికి పోయి ఇంటికి రావడం ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

కరోనా రోజులలో కొన్న, వేలికి తగిలించే యంత్రం ఇంట్లో ఉన్నది. తగిలిస్తే ఇద్దరికీ తొంభై ఎనిమిది చూపింది. నేను ధైర్యపడ్డాను. ఇంటావిడ ధైర్యపడలేదు. ఆటో పిలిచింది. ఆసుపత్రిలో డాక్టరుగారు సంగతి వినగానే ఇద్దరికీ ప్రాణవాయువు పెట్టించి, నన్ను పక్కకు పిలిచి మెత్తగానే చీవాట్లు పెట్టారు. ఆ యంత్రానికి రక్తంలో ప్రాణవాయువు ఉన్నదో, బొగ్గు విషం ఉన్నదో తేడా తెలియదట. రెంటినీ ఒకటిగానే లెక్క వేస్తుందట.

ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ ఇది. కుంపటి అడుగున గాలి బాగా తగిలినచోట బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అది పైకి పోతూ ఎర్రని నిప్పుల గుండా దూరేటప్పుడు మళ్ళీ బొగ్గుతో కలిసి కార్బన్ మొనాక్సైడు అవుతుంది. కుంపటి పైన కనబడే నీలి మంట ఆ వాయువు కాలుతున్న మంటే. కాలినంత కాలగా మిగిలినది గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ముందు తలనొప్పి, తరువాత వాంతి, తరువాత నిద్ర. ఆ నిద్రలోనే మనిషి పోవచ్చును. పొగ రాదని నేను గొప్పగా చెప్పిన మాటలోనే ప్రమాదం ఉన్నది. పొగ వస్తే కళ్ళు మండి మనమే బయటికి పరుగెత్తేవారము.

రాత్రికి ఇద్దరూ తేరుకొని ఇంటికి వచ్చారు. మర్నాడు నేను ఆఫీసుకు పోలేదు. అమ్మ మంచం దగ్గర కూర్చొని, "మరి మన ఇంట్లో అన్నేళ్ళు వాడాము గదా అమ్మా, ఎవరికీ ఏమీ కాలేదే" అన్నాను.

"ఇంట్లో ఎక్కడ వాడానురా? పెరటి వసారాలో గదూ" అన్నది అమ్మ. "పెరట్లో రాజేసి, నీలి మంట పోయి, నివురు కమ్మిన తరువాత వసారాలో పెట్టేదాన్ని. మూడు వైపులా గోడే లేదు. వంటింటికి కూడా పెంకుల సందులలోనుంచి గాలి పోయేది. ఇప్పుడీ సిమెంటు గదికి సందేదీ? మా పిన్నత్త బాలింతగా ఉన్నప్పుడు తలుపులు బిగించి మంచం కింద కుంపటి పెట్టారు. తెల్లవారి చూస్తే మనిషికి స్మారకం లేదు. గాలి సోకిందన్నారు. నీళ్ళు కొట్టి బయటికి మోసుకొస్తే బ్రతికింది. గాలి సోకడం కాదు, గాలి లేకపోవడమని ఈనాడు తెలిసింది."

కొంతసేపు ఊరుకొని, మళ్ళీ తానే అన్నది: "నాన్న దాన్ని ఉల్లిపాయలకు వేసిన రోజు నేను ఏడ్చాననుకొన్నావు కాబోలు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నీకు రొట్టె గుర్తున్నదిరా. నాకు విసనకర్ర గుర్తున్నది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తడి బొగ్గులు రాజవు, ఊదుగొట్టం పట్టుకొని ఊదేదాన్ని. ఈ కళ్ళు ఊరికే ఇలా అయినవా?"

నాకు నోట మాట రాలేదు. గుమ్మంలో నిలబడి బండి వెంట చూసిన పిల్లవానికి వెనుక నిలబడిన తల్లి ముఖం కనబడలేదు. ముప్పై ఏండ్లు ఆమె దుఃఖమని నేను మోసినది నా బెంగే.

ఈ పొగ సంగతి పట్టించుకొన్న పెద్దలు మనలో లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజుగారు పొగ గొట్టం గల పొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్ళు కోట్ల మందికి కావాలంటూ 1953లో పుస్తకమే వ్రాశారు. మన బెంగుళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో అమూల్య రెడ్డిగారు 1974లో ఆస్త్రా అనే గ్రామీణ విజ్ఞాన శాఖను ప్రారంభించగా, అక్కడివారు తక్కువ కట్టెలతో మండే ఆస్త్రా ఒలెను తయారుచేసి కర్ణాటక పల్లెలకు పంపారు. 2016లో ఉజ్జ్వల పథకం కింద పేద ఇండ్లకు గ్యాసు ఇవ్వసాగారు. ఇంత జరిగినా, ఇండ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జాలీ మొహల్లాలో నెల రోజులు తిరిగినప్పుడు వీటిలో ఒక్క సంగతీ నా తలకు తట్టలేదు. నేను వెదకినది ఇనుమును, రుచిని. దాని వెనుక కూర్చున్న మనిషిని వెదకలేదు.

కుంపటిని ఏం చేశానని అడుగుతారు. తిరిగి అమ్మేద్దామనుకొన్నాను. అమ్మే వద్దన్నది. "వస్తువు మంచిదే, చోటే తప్పు" అన్నది. ఇప్పుడది మిద్దె మీద, ఇంటివారి అనుమతితో, నీళ్ళ తొట్టి పక్కన ఉన్నది. గాలికి అడ్డంగా నాలుగు ఇటుకలు, పక్కన ఇసుక బక్కెట్టు. వానగా ఉన్న రోజు దాన్ని ముట్టుకోము. పని అయిన తరువాత బూడిద పూర్తిగా చల్లారినా సరే, రాత్రికి మిద్దె మీదనే ఉంటుంది గాని మెట్లు దిగదు. మీలో ఎవరింటనైనా అటకమీద పాత కుంపటి ఉంటే, బాగుచేసికోండి, మంచిదే. ఇనుమును ఎవరైనా అతికిస్తారు. దానికి వసారాను మాత్రం మీరే ఇవ్వాలి. మూసిన గదిలో, కారులో, చలి కాచుకొనేందుకు పడక గదిలో, ఎంత నివురు కమ్మినా సరే, పెట్టకండి.

మొన్న సంక్రాంతి నాడు మిద్దె మీద మళ్ళీ రొట్టె వేశాము. బొగ్గులు రాజేసినదీ, విసనకర్ర పట్టినదీ నేను. అరగంట విసిరేసరికి భుజం పీకింది. బూడిద కళ్ళలో పడింది. అమ్మ దూరంగా, గాలి వచ్చే వైపు, శాలువా కప్పుకొని కుర్చీలో కూర్చొని ఆజ్ఞలు ఇస్తున్నది. "ఎడమ పక్క నిప్పు తక్కువైంది. విసురు, విసురు" అని అమ్మాయి కూడా వంత పాడింది.

మొదటి ముక్క అమ్మకు పెట్టాను. నమిలి, "అడుగు మాడింది" అన్నది. తరువాత రెండవ ముక్క అడిగింది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకొందాము.